కళ్ళు మూసిన ఫొటోలు కావాలండి

తెనాలి ఫొటో స్టూడియోల వాళ్ళకి నేనొక వింత బేరాన్ని. ఊళ్ళో అందరూ బాగా వచ్చిన ఫొటోలు అడిగితే, నేను పాడైపోయినవి అడిగేదాన్ని.

"కళ్ళు మూసినవి ఏమైనా ఉన్నాయాండి?"

"ఏం చేసుకుంటావమ్మా వాటిని?"

"ప్రాణం పోస్తానండి."

స్టూడియో ఆయన నా వంక ఓసారి జాలిగా చూసి, పక్కన పడేసిన కవరు వెతికి ఇచ్చేవాడు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. బాపట్ల నుంచి రోజూ పాసింజరు బండెక్కి వచ్చి తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్ళే రోజులు. శుభలేఖల పని కూడా చేద్దామని మా సారు స్కానర్ కొన్నారు. ఆ స్కానరూ, ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోని ఒక చిన్న సాఫ్ట్‌వేరూ కలిసి నా కొంప ముంచాయి. కదలని ఫొటోలను వరుసగా పేరిస్తే అవి ఒకదాని వెనక ఒకటి వచ్చి, బొమ్మ కదిలినట్టే ఉంటుంది. దాన్ని జిఫ్ అంటారని అప్పుడే తెలిసింది.

పెళ్ళిళ్ళలో ఎందుకైనా మంచిదని ఒకే భంగిమను రెండుసార్లు తీస్తారు కదా. అందులో ఒకటి ఆల్బమ్‌లోకి పోతుంది, రెండోదాంట్లో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. నాకు కావలసింది ఆ రెండోదే. రెండింటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెడితే పెళ్ళికొడుకు టపటపా రెప్పలు కొడతాడు. తల కాస్త జరిగిందంటే మాత్రం పూనకం వచ్చినట్టు ఊగిపోతాడు. అలా ఊగిన పెళ్ళికొడుకుల్ని చూసి మా విద్యార్థులు పడీ పడీ నవ్వేవాళ్ళు. "సిలబస్ కూడా కాస్త చూడమ్మా" అనేవారు సారు, తనూ ఓ కుర్చీ లాక్కుని.

ఇంత పేరు తెచ్చుకున్నాక మా నాయనమ్మ ఊరుకుంటుందా?

ఆవిడ బాధ వేరే. డెబ్బై దాటిన ఆ మనిషికి కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటి లేదు. ఫ్లాష్ వెలిగితే మూస్తుంది. ఎండలో నిలబెట్టి తీస్తే టిక్కుమన్న చప్పుడుకి మూస్తుంది. చప్పుడుకి ముందే తీద్దామని కెమెరా అతను దొంగచాటుగా పొంచి ఉంటే, వాడి దురదృష్టం కొద్దీ అప్పుడే ఆవులించింది. మా ఇంటి ఆల్బమ్‌లలో ప్రతి శుభకార్యంలోనూ నాయనమ్మ నిద్రపోతూనే ఉంటుంది.

"రేపు నేను పోయాక దండ వేయడానికి ఒక ఫొటో ఉండాలా వద్దా? కళ్ళు మూసుకున్నదానికి దండేస్తే, వచ్చినవాళ్ళు ముసలిది ఇంకా లేవలేదనుకుంటారు. నీ కంప్యూటర్లో నా కళ్ళు తెరిపించవే" అంది.

నవ్వుతూనే అంది కానీ ఆ కోరిక నిజమైనదే. వాళ్ళమ్మకి అసలు ఫొటోనే లేదు. ఆవిడ మొహం మర్చిపోతున్నానని నాయనమ్మ ఒకటి రెండుసార్లు నాతో అని, వెంటనే మాట మార్చేసింది.

మూసిన కళ్ళు నా దగ్గర బోలెడున్నాయి. తెరిచినవి ఎక్కణ్ణుంచి తేను? నాన్న కళ్ళు పెట్టి చూశాను, దొంగ చూపొచ్చింది. అత్తయ్యవి పెడితే ఎవరినో కోప్పడుతున్నట్టుంది. ఇక మిగిలింది రేపల్లెలో ఉన్న చిన్న నాయనమ్మ. నాయనమ్మకి సొంత చెల్లెలు. ఇద్దరివీ ఒకే పోలికని అందరూ అంటారు. చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఎనభైలలో చిన్న నాయనమ్మ తన కూతురి పెళ్ళికి పసుపు దంచడానికి ముహూర్తం పెట్టుకుంది. మొదటి రోకలి ఇంటికి పెద్దదైన మా నాయనమ్మే పట్టాలి. ఆ పెద్దావిడ ఎక్కిన రేపల్లె బండి ఎక్కడో పొలాల మధ్య ఆగిపోయింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెడితే చెల్లెలే రోకలి అందుకుంది. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి పసుపు దంచడం అయిపోయింది. తెచ్చిన చీర అరుగుమీద పెట్టి వచ్చిన కాళ్ళతోనే వెనక్కి తిరిగింది. తప్పు రైలుది, శిక్ష చెల్లెలికి. ఆ తర్వాత మా ఇంట్లో రేపల్లె పేరెత్తితే ఆవిడ భోజనం దగ్గర్నుంచి లేచిపోయేది.

అందుకని ఎవరికీ చెప్పకుండా ఓ సెలవునాడు కెమెరా పట్టుకుని రేపల్లె వెళ్ళాను. చిన్న నాయనమ్మ పెరట్లో ఎండ చూసుకుని కూర్చుంది.

"నా ఒక్కదాని ఫొటో ఎందుకే?"

"కంప్యూటర్లో పెడదామని, చిన్న నాయనమ్మా."

"మీ నాయనమ్మ పంపిందా?"

"లేదు."

"అదేలే," అని కొంగు సరిచేసుకుని కెమెరా వంక సూటిగా చూసింది. రెప్ప కూడా కొట్టలేదు.

ఫొటో కడిగించి, స్కాన్ చేసి, నాయనమ్మ ఫొటోతో రంగులు కలవక రెండింటినీ నలుపు తెలుపుల్లోకి మార్చి, మౌసుతో కళ్ళచుట్టూ కత్తిరించాను. వారం రోజులు పాఠాలు ఎగ్గొట్టినంత పని చేశాను. చివరికి నాయనమ్మ కళ్ళు మూసుకుని ఉంటుంది, మెల్లగా తెరుస్తుంది, మళ్ళీ మూస్తుంది. అతుకు ఎక్కడా కనపడలేదు. నన్ను నేనే మెచ్చుకుని ఓ సమోసా తిన్నాను.

ఆదివారం సెంటర్‌కి సెలవు. సార్ని అడిగి తాళం తీసుకుని, నాయనమ్మని బాపట్ల నుంచి వెంటబెట్టుకుని వచ్చాను. పట్టుచీర కట్టుకుంది. చెప్పులు విడిచి, ఏసీ చలికి కొంగు నిండా కప్పుకుని తెర ముందు కూర్చుంది.

తెరమీద నాయనమ్మ కళ్ళు తెరిచింది.

నేను ఆవిడ మొహం వంక చూస్తున్నాను, ఎప్పుడు మెచ్చుకుంటుందా అని. ఆవిడ కదల్లేదు. బొమ్మ మూస్తోంది, తెరుస్తోంది.

"ఇవి నావి కావు."

"నీవే నాయనమ్మా, కంప్యూటర్లో..."

"నోర్ముయ్యి. ఫొటోలో నా కళ్ళు నేనెప్పుడు చూశాను గనక? ఇవి చెల్లాయివి. చిన్నప్పుడు రోజూ దానికి కాటుక పెట్టింది నేనే."

ఇక అబద్ధమాడి లాభం లేదని తల ఊపాను. తిట్లకి సిద్ధమై కూర్చున్నాను. ఆవిడ తెరకి ఇంకా దగ్గరగా వంగింది.

"తెరిచినప్పుడు ఆపు."

ఆపాను.

"కళ్ళ కింద ఆ గుంటలేంటి? ఒంట్లో బాగుండట్లేదా దానికి?"

"షుగరంట. చాలా ఏళ్ళయిందంట."

"నాకెవరూ చెప్పలేదేంటే?"

"ఆ ఊరి పేరు ఎత్తనిస్తేగా నువ్వు?"

ఆవిడ తెరమీద ఆ గుంటల్ని వేలితో తడిమింది. నాకు భయమేసింది, ఏడుపు కూడా వచ్చింది. ఆ మొహంలో ఆ కళ్ళు అంత చక్కగా అమరినందుకు అప్పటిదాకా గర్వపడ్డదాన్ని, ఉన్నట్టుండి వాటి వైపు చూడలేకపోయాను.

"దాని కళ్ళు దానికిచ్చెయ్యి," అంది లేస్తూ. "నా ఫొటోకి మూసుకున్నవే ఉండనీ. ఎవరేమనుకుంటే ఏం."

స్టేషన్‌కి నడిచే వచ్చాం. నేను మామూలుగా బాపట్ల టికెట్ల కోసం వరసలో నిలబడితే వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది.

"రేపల్లెకి తియ్యి."

"ఇద్దరికీనా?"

"నాకొక్కదానికే. నువ్వొద్దు," అంది, ఎటో చూస్తూ. "నువ్వు పక్కనుంటే దాని ముందు ఏడవలేనే."

ఒక్కటే తీశాను.