బియ్యం డబ్బాలో దుర్భిణి అద్దం

మొన్న సాయంత్రం మా మనవరాలు తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. తాను తడిసినందుకు దానికేం దిగులు లేదు గానీ, సంచిలోని టెలిస్కోపు తడిసినందుకు మొహం వేలాడేసింది. స్నేహితులతో కలిసి సముద్రపు ఒడ్డున చంద్రుడి ఫొటోలు తీద్దామని పోతే వాన పట్టుకుందట. వెంకటాచలంలోని మా ఇంటి హాల్లో బల్ల మీద పాత చీర పరిచి, బ్యాటరీలు ఊడదీసి, కెమెరానూ అద్దాలనూ చంద్రుడి వెంట గొట్టాన్ని తిప్పే మోటారు పెట్టెనూ విడివిడిగా పేర్చి, ఫ్యాను వేసి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాల కోసం అల్మరాలన్నీ తిరగేస్తోంది. అది చూసి మా కోడలు వంటింట్లోంచి బియ్యం డబ్బా తెచ్చి, ఫోను తడిస్తే ఇందులోనే కదా పెడతాం అంది. బియ్యంలో మాత్రం వద్దు అని నేను అన్న తీరుకు ఇద్దరూ చేస్తున్న పని ఆపి నా వైపు చూశారు.

మా నాయనకు నాయుడుపేటలో రేడియోలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. పులికాటు వైపు పల్లెల్లో చేపలు పట్టేవాళ్ళు వాతావరణం వార్తల కోసం రేడియోలను పడవల్లో వెంటపెట్టుకుని పోయి, ఉప్పునీళ్ళలో తడిపి, మా నాయన దగ్గరికి పట్టుకొచ్చేవారు. ఆయన వాటిని విప్పి ముందు మంచినీళ్ళతో కడిగేవాడు. తడిసినదాన్ని మళ్ళీ తడపడమేమిటని చూసేవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు గానీ, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఆరిపోదు కదా అనేది ఆయన వాదన. కడిగినవాటిని లోపల బల్బు వెలిగే చెక్కపెట్టెలో పెట్టి, ఆ వెచ్చదనానికి ఆరబెట్టేవాడు. పొదిగే కోడికి ఉన్నంత ఓపిక ఉండేది ఆయనకు, అది నాకు రాలేదు.

అలాంటి మనిషికి ఆకాశం పిచ్చి ఎలా పట్టిందో నాకిప్పటికీ తెలియదు, అడుగుదామనుకునేసరికి ఆయన లేడు. మద్రాసు పాత సామాన్ల అంగళ్ళలో ఒకదానికొకటి ఆనించి బిగించే జత అద్దాలు కొని, రేకు గొట్టంలో ఇత్తడి రింగుతో బిగించి, పాత టేప్ రికార్డరు మోటారు తగిలించి దుర్భిణి తయారుచేశాడు. చంద్రుడిలో కొండలున్నాయి, నీడలతో సహా చూశానని అంగడికొచ్చిన పల్లెవాళ్ళకు చెబితే, కొండలేందయ్యా, నీ గాజు మీది మరకలయ్యుంటాయి అని వాళ్ళు నవ్వేవారు. ఎవరేమన్నా పట్టించుకోని మనిషికి ఆ ఒక్క మాట మాత్రం ములుకులా గుచ్చుకుంది. మీ పల్లెకే తెచ్చి చూపిస్తాను, మరకలో కొండలో మీరే చెప్పండి అని పందెం కాసినట్టు మాటిచ్చాడు.

అప్పటికి నేను మనుబోలులో సైన్సు టీచరుగా కొత్తగా చేరి ఉన్నాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నాయనతో నేనూ బయలుదేరాను. బస్సు దిగి పల్లెకు నడుస్తుండగా, కాస్త చాటు కూడా లేనిచోట వాన కుమ్మేసింది. ఇంటికి తిరిగొచ్చి చూస్తే గొట్టంలోంచి నీళ్ళు కారుతున్నాయి, మోటారు తిరగనంటోంది, ఊరంతా కరెంటు లేదు. బల్బు వెలగందే ఆయన పెట్టె ఉత్త చెక్క. మోటారు విప్పి పొయ్యి పైనున్న అరలో పెట్టాడు గానీ, అద్దాలు వేడికి పగులుతాయేమోనని వాటిని గుడ్డ మీద పరిచి, ఏం చేయాలో తోచక అలాగే కూర్చుండిపోయాడు. మర్నాడు వస్తామని పల్లెకు కబురు కూడా పంపేశాడు మరి.

మా అమ్మ ఆ దిగులు చూడలేకపోయింది. ఆయన అంగడి కప్పు కారుతోందేమో చూడ్డానికి వెళ్ళిన సమయంలో, ముందువైపు జత అద్దాన్ని రింగుతో సహా బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. ఉప్పు చెమ్మగిల్లకుండా నాలుగు బియ్యపు గింజలు వేసే ఇల్లాలికి అది తోచడంలో వింతేముంది! మర్నాడు మధ్యాహ్నం తీసి, పైటచెంగుతో తుడిచి, తళతళలాడే అద్దాన్ని ఆయన చేతిలో పెడితే, నాయన మొహం చూడాలి. ఆకాశం ఇంకా మబ్బుగా ఉండడంతో దాన్ని పరీక్షించి చూసే వీలు లేకపోయింది. ఈసారి అమ్మ కూడా మాతో బయలుదేరింది.

పల్లె చేరేసరికి మబ్బు విడిపోయి, సగం కంటే కాస్త పెరిగిన చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. దుర్భిణి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకు అమ్మ తన బియ్యం వైద్యం గురించి సంబరంగా చెబుతోంది. ముందుగా చూసింది ఒక ముసలవ్వ. కొండల ఊసే ఎత్తకుండా, "గుడి కట్టినాడే చంద్రుడు" అంది. తర్వాత చూసినవాళ్ళూ అదే మాట. చంద్రుడి చుట్టూ వెలుగు గుడి కడితే వాన వస్తుందని వాళ్ళ లెక్క. నిన్నటి వానకు ఎండబెట్టలేక ఉప్పేసి ఉంచిన చేపలు గంపల్లో ఉన్నాయి, మరొక్కరోజు ఆగితే పాడైపోతాయి. ఎండేద్దామా వద్దా అని అప్పటికప్పుడే తర్జనభర్జన మొదలైంది.

"తలెత్తి చూడవ్వా, ఆకాశంలో గుడి లేదే" అన్నాను నేను.

"నా కండ్లు ముసలివమ్మా. మీ నాయన గొట్టం నాకంటే దూరం చూస్తా ఉండాది" అంది అవ్వ.

ఏ నమ్మకం కోసం నాయన అంతదూరం వచ్చాడో అది దక్కింది, దక్కకూడని చోట. ఆయన వంగి అద్దం అంచున వేలితో రాసి వాసన చూశాడు. పక్కనే ఉన్న నాకూ ఆ వాసన తగిలింది. ఆముదం. పురుగు పట్టకుండా బియ్యానికి ఆముదం పట్టించడం మా ఇంటి అలవాటు. తుడిచిన చోట పోయింది గానీ, రింగు సందులోంచి జత అద్దాల మధ్యకు చేరిన జిడ్డు పోలేదు, అదే గుడిలా కనిపిస్తోంది. చెప్పబోయి నేను నోరు తెరిచాను. నాయన నా వైపొకసారి, వరసలో ఇంకా నవ్వుతూ చెబుతున్న అమ్మ వైపొకసారి చూశాడు.

"గుడి పైన లేదవ్వా, నా గొట్టంలో ఉండాది. నేను సరిగా బిగించలా, అద్దానికి మరక పడింది. పొద్దున్నే చేపలు ఎండేసుకోండి" అన్నాడు.

"మరకని మేం ముందే చెప్పినాం గదన్నా" అన్నారెవరో. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ ఆయన్ని ఓదారుస్తూ, బిగింపుదేముంది, మళ్ళీ బిగించుకోవచ్చు, నా బియ్యం మాత్రం బాగా పనిచేశాయి అంది. నువ్వు ఆరబెట్టకపోతే ఆ మాత్రం చంద్రుడైనా కనిపించేవాడు కాదు అన్నాడు నాయన. మర్నాడు ఎండ కాసిందని, చేపలు బాగా ఎండాయని తర్వాత తెలిసింది. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు, అమ్మ బతికినన్నాళ్ళూ ఆ బియ్యం సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. నాయన ఉన్నన్నాళ్ళూ ఆయనా నేనూ వింటూ కూర్చునేవాళ్ళం.

ఇదంతా విన్నాక మనవరాలు పడీ పడీ నవ్వింది. అమ్మ మీద చాడీ చెప్పినట్టనిపించి నాకే చిన్నతనమేసింది. ఆ దుర్భిణి చూపించమని పట్టుబడితే ట్రంకుపెట్టెలోంచి తీశాను. వాన వెలిసిన ఆకాశంలో చంద్రుణ్ణి పెరటి గుమ్మంలోంచి చూసి, "నానమ్మా, ఇంకా గుడి ఉంది" అని ఆశ్చర్యపోయింది. తన చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, ఈ రింగు విప్పితే అయిదు నిమిషాల పని, ముత్తాతకు ఇది తెలియదా అని అడిగింది.

తెలియకేం? ఊళ్ళోని రేడియోలన్నీ కళ్ళు మూసుకుని విప్పిన మనిషి. కానీ ఆయన ఏది విప్పినా అమ్మ పక్కనే పీట వేసుకుని, ఇదేంటి, అదేంటి అని అడుగుతూ కూర్చునేది. ఆ రింగు విప్పితే ఆముదం సంగతి చెప్పాల్సొచ్చేది. అందుకని ఆయన పోయేదాకా గుడి కట్టిన చంద్రుణ్ణే చూశాడు.

ఇప్పుడు తేమ పీల్చే పొట్లాలున్నాయి, అద్దాలు తుడిచే ద్రావకాలున్నాయి, పీట వేసుకుని అడిగే మనిషే లేదు. అయినా మనవరాలి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని పక్కన పెట్టేశాను.