మూడో నంబరు పడవ

2023 జులై. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాల. నేను ఎస్‌జీటీగా, అంటే ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అన్ని సబ్జెక్టులూ చెప్పే టీచరుగా చేరి అప్పటికి రెండో ఏడు. కోటబొమ్మాళిలో గది తీసుకుని, రోజూ రెండు ఆటోలు మారి వెళ్లేదాన్ని. పెద్దవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. మీటింగుల్లో చివరి బెంచీలో కూర్చుని, చెప్పాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను.

ఆ నెల కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే సమావేశంలో, కూడికలకు ఒక పాచికల ఆట నేర్పారు. నేలమీద పదకొండు వరుసలు గీయాలి. ఒక్కో వరుసలో ఒక్కో పడవ, వాటికి రెండు నుంచి పన్నెండు దాకా నంబర్లు. పిల్లలు తలో పడవ ఎంచుకుంటారు. రెండు పాచికలు వేసి చుక్కలు కూడితే ఎంత వస్తే, ఆ నంబరు పడవ ఒక గడి ముందుకు జరుగుతుంది. పది గడులు దాటితే ఒడ్డు. ఎక్కువసార్లు ఏడే గెలుస్తుందట. ఒకటీ ఆరూ, రెండూ ఐదూ, మూడూ నాలుగూ, మళ్లీ అవే తిరగేసి, ఏడు రావడానికి ఆరు దారులున్నాయి మరి. అది విన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు బడికి వెళ్తానా అని ఒకటే ఆత్రం.

లూడో పాచికలు చిన్నవి, ఇట్టే పోతాయి. అందుకని తెగిన వలల నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన, వలను నీళ్ల మీద తేల్చే బెండ్లు ఏరి, బ్లేడుతో చదరంగా కోసి, చుక్కలకు నోటీసు బోర్డు పిన్నులు గుచ్చాను. టీఎల్‌ఎం అంటే బోధనకు వాడే సామగ్రి. నా సొంత టీఎల్‌ఎం చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆట మొదలుపెట్టిన రోజు వరండా దద్దరిల్లింది. వేళ్లు ముడిచి లెక్కపెట్టే పిల్లలు కూడా పాచికలు ఆగీ ఆగకముందే "ఐదు! నాలుగు!" అని అరిచారు. రెండు రోజులు పడవలు మారి మారి ఆడారు. మూడో రోజు నుంచి మాత్రం నాలుగో తరగతి నూకరత్నం రోజూ మూడో నంబరు పడవే ఎంచుకుంది. రోజూ గెలిచింది. లెక్కల్లో వెనకబడినవాళ్లని నేను రాసుకున్న జాబితాలో మొదటి పేరు ఆమెదే. ఏడో నంబరు పడవ సగం దారి కూడా దాటేది కాదు.

ఏడో నంబరు ఎంచుకున్న పావని నాలుగో ఓటమికి లేచి నిలబడింది.

"ఏటి మేడమ్, మళ్లీ మూడే! ఒలే రత్నం, ఆ డైసుకి ఏటో సేసీసినావే నువ్వు! పొద్దున్న వరండా తుడుస్తన్నప్పుడు సేతిలో అట్టుకుని ఊపడం నాను సూసినాను. తొండి!"

అందరూ "తొండి, తొండి" అందుకున్నారు. నాకూ అనుమానం వచ్చింది. మీటింగులో ఏడు అన్నారు కదా, మరి మూడెలా గెలుస్తుంది?

"రత్నం, నిజం చెప్పు. పాచికలకి ఏం చేశావు?"

ఆ పిల్ల తల దించుకుంది. మళ్లీ అడిగాను. ఒక్క మాటా లేదు. "అయితే రేపటి నుంచి నువ్వు ఆటలో లేవు" అన్నాను. అందరి ముందూ అన్నాను.

మర్నాడు రత్నం బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాళ్లమ్మ కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, చేపల గంప వరండా మీద దించింది.

"టీసరమ్మా, మా గుంట దొంగాట ఆడిందన్నారంట. దానికి లెక్కలు రావంతే ఒప్పుకుంతాను, నాకూ రావు. దొంగంతే మాత్రం ఒప్పుకోను. బడికెల్లనమ్మా, నీతో సేపలకొచ్చెస్తానని ఏడుస్తన్నాది. ఇప్పుడేటి సెయ్యమంతారు దీన్ని?"

హెడ్‌మాస్టరు గారు ఆమెను కూర్చోమని, నావైపు చూశారు. నేను మోకాళ్ల మీద కూర్చుని మెల్లిగా అడిగాను. "రత్నం, నిన్నేమీ అనను. మూడే గెలుస్తుందని నీకెలా తెలిసింది?"

చివరికి, "బకెట్లో ఎయ్యండి" అంది.

"ఏంటి?"

"డైసులండి. నీల్ల బకెట్లో ఎయ్యండి."

మధ్యాహ్న భోజనం చేతులు కడుక్కునే బకెట్టు తెచ్చి పాచిక వేశాను. అది గిర్రున తిరిగి, కొంచెం ఒరిగి ఆగింది. పైన ఒకటి. రెండు చుక్కలున్న వైపు పక్క నుంచి తొంగిచూస్తోంది. తీసి ఆరు పైకి పెట్టి వేశాను. తిరగబడి మళ్లీ ఒకటే! రెండో పాచికా అంతే. పిల్లలంతా బకెట్టు మీద పడ్డారు.

"ఆరు కాడ ఆరు పిన్నులు గుచ్చినారు, ఒకటి కాడ ఒకటే" అంది రత్నం. "ఆరున్నేపు బరువు కదండి, కిందకెల్పోద్ది. వలకి సీసమున్నేపే కదా ములుగుతాది."

నేను పాచికను బకెట్లోంచి తీసి తిప్పి చూశాను. "మరైతే ఒకటీ ఒకటీ పడాలి. రెండో నంబరు పడవ తీసుకోవాలి కదా? మూడెందుకు?"

"రెండు రావాలంతే రెండిట్లోనూ ఒకట్లే పడాలండి. మూడయితే ఇందులో ఒకటి, అందులో రెండు పడినా సరే. అందులో ఒకటి, ఇందులో రెండు పడినా సరే. ఐదు కాడ కూడా బరువే, రెండు బాగానే పడతాది మరి."

రెండు దారులు! ఏడు గురించి మీటింగులో మాకు గంటసేపు చెప్పిన లెక్క ఇదే. ఎవరూ చెప్పకుండా, పాచికను అరచేతిలో ఊపి చూసి, ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ డైసులు మీరే సేసినారు కదండి. బాగోలేదంతే మీకు బాదనిపిస్తాదని."

లేచి నిలబడ్డాను. హెడ్‌మాస్టరు గారి ముందు, వాళ్లమ్మ ముందు, ఇరవై మంది పిల్లల ముందు, గట్టిగానే చెప్పాను. "తప్పు నా పాచికలది. రత్నం తొండి ఆడలేదు. లెక్క వేసి గెలిచింది. దాన్ని తొండి అనుకోవడం నా తప్పు."

వాళ్లమ్మ గంప అంచు పట్టుకుని నావైపు తిరిగింది. "అయితే మా గుంటకి లెక్కలొచ్చినట్టేనా?"

"నాకన్నా బాగా వచ్చమ్మా" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

ఆమె గంప నెత్తికెత్తుకుంటూ, "ఇనుకున్నావటే? ఏడుపాపి బేగెల్లి కూకో" అని కూతుర్ని లోపలికి తోసింది.

ఆ మధ్యాహ్నమే కొత్త పాచికలు కోశాం. ఈసారి పిన్నులు లేవు, గోళ్ల రంగుతో చుక్కలు. ఒక్కోదాన్ని ముప్పైసార్లు నీళ్లలో వేసి, అన్ని వైపులూ పైకి వస్తేనే రత్నం 'పాస్' అనేది. సందేహం వస్తే అంచు కోయించేది. పావని పక్కనే కూర్చుని ఏ వైపు ఎన్నిసార్లు వచ్చిందో పలక మీద గీతలు పెట్టింది. "ఒలే రత్నం, ఇప్పుడు ఏ పడవ తీసుకోమంతావే?" అని అందరికన్నా ముందు అడిగింది కూడా ఆమే.

వెనకబడినవాళ్ల జాబితా మళ్లీ తీసి చూసుకున్నాను. అది రాసేటప్పుడు కాగితం మీది జవాబులే చూశాను. ఆ పిల్ల ఎలా ఆలోచిస్తుందో ఒక్కసారీ అడగలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. భయపడి, మొహమాటపడి, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని నోరు మూసుకోవడం ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్లు ఆ బడిలో లేరు. అలాంటి నేనే ఒక పిల్ల మౌనాన్ని నేరం ఒప్పుకోవడం అనుకున్నాను. ఇప్పుడు పిల్ల జవాబు నా జవాబుతో కలవనప్పుడు, "ఏం చేశావు?" అని అడగను. "నీకెలా తెలిసింది?" అని అడిగి, ఆ పిల్ల నోరు విప్పేదాకా కూర్చుంటాను.