పన్నెండో భుజం

మా మేనమామ యుద్ధంలో నాలుగేళ్లు కాల్బలంలో పనిచేశాడు. ఆ నాలుగేళ్లూ తుపాకీ కంటే పారే ఎక్కువ పట్టాడు. గొయ్యి తవ్వడం, అందులో కూర్చోవడం, పొమ్మనగానే లేచి నడిచి ఇంకోచోట మళ్లీ తవ్వడం. తడి బూట్లలో కాళ్లు పాచిపోయి వేళ్ల మధ్య చర్మం ఊడొచ్చేది. వీరగాథలు రాసే పెద్దమనుషులకు ఒక్కరోజు ఆ బూట్లు తొడిగితే చాలు, మళ్లీ కలం ముట్టరు.

గోతిలో ఆయన పక్కన ఉండేవాడు ఒక తాపీమేస్త్రి. గొయ్యి అంచు వంకరగా ఉంటే అతనికి నిద్రపట్టేది కాదట.

"రేపు వదిలేసి పోయే గొయ్యికి ఈ సోకులేంట్రా?" అని మావయ్య ఆటపట్టించేవాడు.

"చస్తే ఇందులోనేగా చచ్చేది. కాస్త నీటుగా ఉండనీ."

గోతుల ముందంతా మందుపాతరలు. గస్తీకి వెళ్లేటప్పుడు ముందు నడిచేవాడు, పాతరలు లేని దారికి గుర్తుగా, తెల్లటి గుడ్డనాడా నేలమీద పరుచుకుంటూ పోవాలి. వెళ్లినా వచ్చినా దానిమీదే. అందరూ వచ్చాక, శత్రువు అదే దారి పట్టకుండా నాడా చుట్టేయాలి. పరిచేదీ చుట్టేదీ మావయ్యే.

ఒక తెల్లవారుజామున పన్నెండుమంది వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఎదుటి మనిషి ముఖం కనపడనంత పొగమంచు. గుండ్లు పడుతున్నాయి. నోరు మెదపకూడదు. మావయ్య గోతి అంచున నిలబడి, దిగేవాళ్ల భుజాలు తడుతూ లెక్కపెట్టాడు. తనతో కలిపి పన్నెండు. నాడా చుట్టేశాడు. అందరూ వచ్చారని కెప్టెన్ కాగితం మీద సంతకం పెట్టి పై అధికారులకు పంపాడు.

ఆ భుజాల్లో ఒకటి పక్క కంపెనీవాడిది. దారితప్పి, మనుషుల అలికిడి విని వీళ్ల వెనకాల చేరాడు. మేస్త్రి బయటే ఉండిపోయాడు. ఎందుకు వెనకబడ్డాడో ఎవరికీ తెలియదు. మంచు విడిపోయాక ఇరవై అడుగుల దూరంలో ప్రాణం లేకుండా కనపడ్డాడు. చేతులు రెండూ నేలమీద చాచి ఉన్నాయి. నాడా కోసం తడుముకున్నాడు పాపం.

మావయ్య కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాడు. "సార్, నా లెక్క తప్పింది. మేస్త్రి బయట పడున్నాడు."

"అందరూ వచ్చారని నువ్వేగా చెప్పావు? కాగితం వెళ్లిపోయింది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

ఆ సాయంత్రమే వెనక్కి తగ్గమన్నారు. శవం అక్కడే మిగిలిపోయింది. కెప్టెన్ తన సంతకాన్ని కాపాడుకున్నాడు. మేస్త్రి తిరిగొచ్చాడనీ, ఆ తర్వాత ఎటో పారిపోయాడనీ రాసిపడేశాడు. గుండ్ల మధ్య నిలబడి నాడా చుట్టినందుకు మావయ్యకు పతకం ఇచ్చారు. ఆ మాట రాస్తుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

యుద్ధం అయ్యాక మావయ్య సైకిళ్లు బాగుచేసుకుని బతికాడు. మేస్త్రి భార్యను చూడటానికి మాత్రం వెళ్లలేదు. "పారిపోయాడన్న ఆ మచ్చ చెరిపేదాకా ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అనేవాడు. తొమ్మిదేళ్లు సైన్యం ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఇంట్లో నలుగురం బయల్దేరినా, ఒక్కొక్కరి ముఖం చూసి రెండేసిసార్లు లెక్కపెట్టేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"తప్పు మీదేనని రాసిస్తే పతకం పోతుంది, తెలుసుగా?" అన్నాడట చివరికి ఒక గుమాస్తా.

"జేబులోనే ఉంది. తీసుకోండి."

అలా వచ్చింది కాగితం. మేస్త్రి యుద్ధభూమిలో మరణించినట్టు ముద్ర వేసి ఉంది. ఆ రోజు మావయ్య గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. అంత హుషారుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మేస్త్రి భార్య ఒంటిగది ఇంట్లో ఎవరివో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. మావయ్య నిలబడే అంతా చెప్పాడు. పొగమంచు, భుజాలు, నాడా, ఏదీ దాచలేదు. కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు, చెల్లెమ్మా."

ఆమె కాగితం రెండుసార్లు చదివింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నేలమీద కూలబడింది.

"పారిపోయినవాడి పెళ్లాం అన్నారు అన్నయ్యా. అననీ అనుకున్నాను. పారిపోయాడంటే ఎక్కడో బతికున్నట్టేగా? తొమ్మిదేళ్లు ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను. ఈ కాగితం తెమ్మని మిమ్మల్ని ఎవరడిగారు?"