ఆ ఊరి చావుకు మేము పోయిన రోజు

మా ఆయన మా ఊరి పెద్దమనిషి దగ్గర జీపు డ్రైవరు. ఆ పెద్దమనిషికీ అవతలి ఊరివాళ్లకూ ఫ్యాక్షన్ గొడవలు. మా ఆయనకు మాత్రం ఎవరిమీదా పగ లేదు. అయినా వంక మీది కల్వర్టు దగ్గర అవతలివాళ్లు మాటేసి బాంబులు వేసిన రోజు, చనిపోయింది మా ఆయనే. పెద్దమనిషి చెయ్యి విరిగి బతికాడు. కర్నూలు పెద్దాసుపత్రి నుంచి మా ఆయన్ను గుడ్డలో చుట్టి తెచ్చారు.

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చేతిలో గిన్నె జారిపోయేది. దీపావళికి టపాకాయలు పేలుతుంటే మంచం కింద దూరాను. శనగ చేలకు పోవాలంటే ఆ కల్వర్టే దాటాలని కూలి మానుకున్నాను. చర్చిలో కూడా తలుపు పక్కనే కూర్చునేదాన్ని, పరుగెత్తడానికి వీలుగా.

మా అత్త మాత్రం, ఉన్న ఒక్క కొడుకూ పోయాక కూడా, తెల్లారగానే మోకరించేది. ప్రార్థనలో అవతలి ఊరివాళ్లనూ తలుచుకునేది. నాకు ఒళ్లు మండేది.

"నీ కొడుకును సంపినోళ్ల కోసం దేవుణ్ణి అడుగుతాండావా?" అని ఒకసారి అరిచాను.

"అడక్కపోతే నా కడుపులో మంట యాడ పెట్టుకోవల్లమ్మే?" అంది.

ఏడాది తిరక్కముందే మా ఊరివాళ్లు పగ తీర్చుకున్నారు. ఈసారీ చచ్చింది డ్రైవరే. అతనిదీ మా పాస్టరుగారి సంఘమే, అవతలి ఊరి పేటలో. కబురు తెలిసిన పొద్దున అత్త తెల్లచీర కట్టుకుంది.

"మొగుడు పోయిన ఆ పిల్ల దగ్గరికి పోతాండా. దాని బాధ నీకు తెలిసినంత ఇంకెవురికీ తెల్దు. వస్తే రా."

"వాళ్లు నరుకుతారత్తా. మనోళ్లు కూడా ఊరుకోరు."

"నాకూ భయమే. భయం పోయినాంక పోదామంటే అది యాపొద్దూ పోదు. దేవుడు ముందర నడుస్తాండాడనుకోని అడుగెయ్యడమే."

ఆమెను ఒంటరిగా పంపలేక వెంట నడిచాను. కల్వర్టు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. 'ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే నడిపించు' అనుకున్నాను. మా ఆయన పోయాక నేను మనసారా చేసిన మొదటి ప్రార్థన అది. అదే మాట మళ్లీ మళ్లీ అనుకుంటూ దాటాను.

ఊరి మొదట్లో కొందరు మగవాళ్లు అడ్డం వచ్చారు. ఒకడి చేతిలో కొడవలి ఉంది.

"ఏమవ్వా, చూసి నవ్వేదానికి వచ్చినారా?"

"ఏడ్చేదానికి వచ్చినాము నాయనా. మా ఇంట్లోనూ ఇట్లాంటి శవమే లేసింది" అంది అత్త.

వాడు నావైపు చూశాడు. నేను కళ్లు దించుకోలేదు. దారి వదిలాడు.

శవపెట్టె పక్కన కూర్చున్న ఆ అమ్మాయి నాకన్నా చిన్నది. నన్ను గుర్తుపట్టి వెనక్కి జరిగింది.

"అక్కా, ఆ పొద్దు బాంబులేసినోళ్లను కల్వర్టు కాడికి తీసకపోయిన బండి మా ఆయనే తోలినాడు. నీకు తెలుసునా?"

నాకు తెలియదు. లేచి వెళ్లిపోవాలనిపించింది. నేను కొడతాననుకుందేమో, ఆ అమ్మాయి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి కూడా ఒకరు భయపడతారని అంతవరకూ నేను అనుకోలేదు. ఆ చెయ్యి పట్టుకున్నాను. సమాధి మీద మట్టి వేసేదాకా వదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అత్త వంక గట్టున కూలబడి, కొడుకును పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. కొడుకును పూడ్చిన రోజున కూడా ఆమె అట్లా ఏడవలేదు. లెమ్మని నేను అనలేదు. పక్కన కూర్చుని, ఆమెకు నోట రాని ప్రార్థన నేనే చేశాను. బండ్లు మా పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

మరుసటి వారం నుంచి శనగ చేలకు పోవడం మొదలుపెట్టాను. భయం మళ్లీ రాలేదని చెప్పను. వచ్చినప్పుడు ప్రభువుతో చెప్పుకుంటాను, నడక మాత్రం ఆపను.

అత్త ఇప్పుడు లేదు. ఆ అమ్మాయి కడప దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పుడప్పుడూ ఫోను చేసి, "తిన్నావా అక్కా?" అంటుంది. తిన్నానంటాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకదు. అయినా ఎవరమూ ఫోను పెట్టెయ్యం.