ఓడెక్కిన చిల్లర సంచి

మా యాకోబు బావ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయన కూర్చోగా చూసినవాడు లేడు. ఇంట్లో కూడా అన్నం నిలబడే తినేవాడు. చర్చిలో అందరూ మోకరిస్తే ఆయన వెనక గోడ దగ్గర నిలబడి ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టేవాడు. ఒకసారి పాస్టరుగారు ప్రార్థన ముగించగానే ఆమెన్ అనడానికి బదులు "రైట్" అన్నాడని చెబుతారు. చెబుతారేమిటి, నేనే చెబుతుంటాను.

డెబ్బైలలో మా వైపు చిల్లరకు వచ్చిన కరువు వానకు కూడా రాలేదు. టీ కొట్లో పది పైసలకు బదులు పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టేవారు. బావ సంచి మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఎవరైనా పెద్ద నోటిస్తే "చిల్లర లేదప్పా, దిగేటప్పుడు తీసుకో" అని టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. మోసగాడు కాదు, దిగేటప్పుడు ఇచ్చేవాడు. కానీ ఆ మనిషి దారి పొడుగునా కిటికీలోంచి ఒక్క జొన్నచేను చూసి ఎరుగడు. చూపంతా బావ సంచి మీదే. ఓనరు దగ్గర జీతం కూడా బావ నాణేలుగా, రూపాయి నోట్లుగా అడిగి తీసుకునేవాడు. తాను ఎవరికైనా ఇవ్వవలసి వస్తే ముందు పెద్ద నోటు తీసేవాడు. చిల్లర జోలికి పోయేవాడు కాదు. ఆలోచించి చేసే పని కాదది. చెయ్యి దానంతటదే పెద్ద నోటు దగ్గరికి పోయేది.

ఆయన భార్య దేవమ్మ మా అక్క. వాళ్ల ఒక్క కూతురు దెబోరా నర్సు చదివింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం వచ్చి, అక్కడి బడిపంతులునే పెళ్లి చేసుకుంది. ఎనభై ఒకటిలో దెబోరాకు కొడుకు పుట్టాడని టెలిగ్రాం వచ్చింది. అక్క అప్పటికే తయారుగా ఉంది. కోడిగుడ్లు అమ్మి కూడబెట్టిన దుడ్లను ఒక్క కొత్త వంద నోటుగా మార్పించి, చీరల పెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య దాచింది. మాలో పసిబిడ్డను మొదటిసారి ఉత్త చేతులతో చూడరు. గుప్పిట్లో దుడ్లు పెట్టి చూస్తారు.

"నా మనవడి చేతిలో ఈ నోటే పెట్టాల. ఇది నీ జీతం కాదు, నా కోళ్ల కష్టం" అని అక్క బావకు గట్టిగా చెప్పింది. మద్రాసులో దొంగలుంటారన్న భయంతో ఆ నోటును తీసుకెళ్లి ఆయన తోలు సంచిలోనే పెట్టింది. అందులో చెయ్యి పెట్టగల దొంగ ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. సామాను మొయ్యడానికి, ఎక్కడైనా అవసరమైతే ఇంగ్లీషు మాట్లాడడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. మా నాయన కాన్వెంటుకు కట్టిన ఫీజు మా వాళ్లకు పనికొచ్చింది ఆ ఒక్క ప్రయాణంలోనే.

మద్రాసులో ఎక్కిన ఓడ నంద్యాల బజారంత ఉంది. అందులో భోజనానికి పూటపూటకూ డబ్బు తీసుకోరు. ఎక్కగానే కౌంటరులో మొత్తం కట్టి ఒక అట్ట కార్డు తీసుకోవాలి. తిన్నప్పుడల్లా దానికి చిల్లు పొడుస్తారు. బావకు ఆ పద్ధతి భలే నచ్చింది. సముద్రంలో కూడా టికెట్టు పంచింగు ఉన్నందుకు గర్వపడ్డాడు. మా ముగ్గురికీ ముప్పై ఆరు రూపాయలన్నాడు కౌంటరు గుమాస్తా. వెనక నుంచి జనం నెడుతున్నారు. బావ చెయ్యి సంచిలోకి పోయింది. ముప్పై ఆరు ఏమిటి, రెండు వందల ముప్పై పైచిలుకు చిల్లర ఉంది అందులో. చెయ్యి దాన్ని తాకలేదు. వంద నోటు ఒకటి తీసి ఇచ్చింది.

గుమాస్తా ఆ నోటును ఇనప్పెట్టె పైనున్న సందులోంచి లోపలికి జారవిడిచి, కార్డు తిప్పి వెనక అరవై నాలుగు అని రాశాడు. శ్రీకాకుళం వైపు మనిషి.

"సిల్లర నేదండి. దిగినప్పుడు తీసుకోండి" అన్నాడు.

బావ ముఖం చూడాలి అప్పుడు. అక్క మాత్రం గాలి వాసన చూస్తోంది.

"నాఫ్తలీన్ వాసన వస్తాంది. ఏ నోటిచ్చినావ్?" అంది.

బావ సంచి వెతికాడు. తన నోట్లు తన దగ్గరే ఉన్నాయి. అక్కది లేదు.

వెంటనే కౌంటరు మీద పడ్డాం. ముప్పై ఆరు రూపాయలూ చిల్లరగా ఇస్తాం, ఆ నోటు తిరిగి ఇమ్మని నేను ఇంగ్లీషులో, బావ ఉర్దూలో, అక్క తెలుగులో అడిగాం. పెట్టెకు రెండు తాళాలున్నాయని, రెండో తాళంచెవి ఆఫీసరు దగ్గరుంటుందని, ఓడ రేవు చేరేదాకా దాన్ని తెరవరని గుమాస్తా నింపాదిగా చెప్పాడు. కానీ ఆయన చెవులు వేరే పనిలో ఉన్నాయి. బావ కౌంటరు మీదికి వంగినప్పుడు సంచి గలగలమంది.

రేవు దాకా పెట్టె తెరవరన్నాక మూడు రోజులు బావకు నిద్ర లేదు. అసలే నిలకడ లేని మనిషి. ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ కౌంటరు దగ్గరికి, మళ్లీ ఈ కొసకు. గుమాస్తా టీకి లేస్తే ఈయన వెంట లేచేవాడు. ఆయన స్నానానికి పోతే ఈయన తలుపు బయట నిలబడేవాడు. నడిచి నడిచి ఓడను ఒక పక్కకు వాల్చాడని, కెప్టెను కబురంపి ఆయన్ను నడిమధ్యలో నడవమన్నాడని నేను నంద్యాలలో చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు నమ్మారు.

దానికి తోడు ఓడలో ఎవరి దగ్గరా చిల్లర లేదు. డెక్కు మీద టీ అమ్మేవాడు అందరికీ బాకీలు రాసుకుంటున్నాడు. కెరటం లేచినప్పుడల్లా బావ సంచి మోగేది. మోగినప్పుడల్లా పదిమంది తల తిప్పేవారు. ఎవరడిగినా లేదనేవాడు. ఆయన లేదంటుంటే సంచి ఉందంటుండేది. చివరికి తువ్వాలు కుక్కి దాని నోరు మూయించాడు.

అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. చెప్పదలుచుకున్నదంతా ఆయన వినేలా నాకు చెప్పేది. ఒక ఏడాది గుడ్లు సముద్రంలో పోసినాడని, ఇంత చిల్లర మోసేది సమాధిలో పెట్టుకోవడానికా అని, ఉత్త చేతులతో మనవడి ముఖం ఎట్లా చూడాలని. బావ వింటూనే నడిచేవాడు.

నాలుగో నాడు పొద్దున దీవి కనిపించింది. కౌంటరు దగ్గర జనం ముసిరారు. ప్రతి కార్డు వెనకా ఒక బాకీ ఉంది, చాలావాటి మీద రూపాయో మూడో. ఆఫీసరు వచ్చి తాళంచెవి ఇచ్చి వెళ్లాడు. గుమాస్తా పెట్టె తెరవలేదు. లోపలున్నవన్నీ పెద్ద నోట్లేనని, రేపు ఊళ్లో ఆఫీసుకొచ్చి బాకీలు తీసుకోమని అందరికీ చెప్పాడు. జనం గోల పెట్టారు. ఆయన బావ వైపు తిరిగాడు.

"మీ సంచిలో ఏటుందో నాకు తెలుసండి. ఆ సిల్లరంతా ఇక్కడ పొయ్యండి. అందరి బాకీలూ తీర్చేత్తాను. మీకు సరిపడా నోట్లిత్తాను. అమ్మగారి నోటు ఆవిడే ఎతుక్కుంటారు."

"ముప్పై ఆరు ఇస్తా. మా నోటు మాకియ్యి" అన్నాడు బావ.

"ఒక్కరి కోసం పెట్టె తెరవనండి."

బావ సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు. ఓడ రేవుకు తగిలి ఊగింది. మూడు రోజుల తర్వాత అక్క మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది.

"పొయ్యప్పా. ఆ నోటు లేకుండా నేనీడ దిగను. ఈ ఓడలోనే మద్రాసుకు పోతా."

అక్క అన్నంత పని చేసే మనిషి. బావ తువ్వాలు లాగి, సంచి బోర్లించాడు. రూపాయి బిళ్ళలు, అర్ధరూపాయిలు, పావలాలు, నలిగిన రూపాయి నోట్లు కౌంటరంతా పరుచుకున్నాయి. గుమాస్తా ఒక్కొక్కరిని పిలిచి బాకీలు తీరుస్తుంటే, పోయే ప్రతి నాణేన్నీ బావ చూపులతో ఓడ దిగే గ్యాంగ్‌వే మెట్ల దాకా సాగనంపాడు.

అప్పుడు పెట్టె తెరిచారు. అక్క నోట్ల కట్ట ముందేసుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకదానికి బీడీ వాసన, ఒకదానికి చేపల వాసన. వెనకున్నవాళ్లు అయిదు భాషల్లో త్వరగా కానిమ్మంటున్నారు. అక్క తొందరపడలేదు. కట్ట సగం దాటాక ఒక నోటు దగ్గర ఆగి, కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చి, దాన్ని రవికెలో పెట్టుకుంది.

"ఇప్పుడు పదండి, బిర్నా" అంది.

పోసిన చిల్లరలో భోజనాల ముప్పై ఆరు పోను మిగతాదానికి గుమాస్తా వంద నోట్లిచ్చాడు. రేవు బయట జీపువాడు దెబోరా ఇంటికి మూడు రూపాయలన్నాడు. బావ దగ్గరున్నవన్నీ వందలే. అక్క తన నోటు విప్పనంది. నా దగ్గర ఇంగ్లీషు తప్ప ఏమీ లేదు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నేను, మూటలతో వాళ్లిద్దరూ ఆ గుట్ట ఎక్కాం.

దెబోరా బిడ్డను తెచ్చి అక్క ఒడిలో పెట్టింది. అక్క ముందు వాడి ముఖం చూడలేదు. గుప్పిట విప్పి నోటు పెట్టి, వేళ్లు మూసి, అప్పుడు చూసింది. వాడు నోటును నలిపి నోటి దగ్గరికి తీసుకుపోతుంటే నవ్వి, కళ్లు తుడుచుకుంది. బావ కూడా వంగి చూశాడు. ముద్దు పెట్టుకున్నాడు. కానీ చెయ్యి మాటిమాటికీ ఖాళీ సంచిని తడుముతూనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

మరునాడు మేం లేచేసరికి మనిషి లేడు. మధ్యాహ్నానికి వచ్చాడు. బజారులో చక్కెర కొని వందను పదులు చేశాడట. ఒక్కో కొట్లో ఒక్కో అగ్గిపెట్టె కొని పదులను చిల్లర చేశాడట. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ పూట ఏ కొట్లోనూ పావలా మిగల్లేదని నా అంచనా. సంచి మళ్లీ మోగుతోంది. దెబోరా బల్ల మీద అగ్గిపెట్టెల గోడ లేచింది.

"ఇన్ని అగ్గిపెట్టెలు ఏం చేసుకోవాల నాయనా?" అంది దెబోరా.

బావ వినలేదు. ఉయ్యాల దగ్గర నిలబడి మనవడి గుప్పిట్లోంచి కనబడుతున్న వంద నోటు కొసను చూస్తున్నాడు. దానికి ఎంత చిల్లర వస్తుందో లెక్కపెట్టే చూపు అది. మా అక్క ఆ చూపును ఇరవై ఏళ్లుగా ఎరుగును. లేచి, ఉయ్యాలను తన మంచానికి అవతలి పక్కకు జరుపుకుంది.