రెండో దెబ్బ

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను బొమ్మలకు రెజిన్ పూత వేస్తాను. తెనాలిలో ఇరవై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి మానేశాక నేర్చుకున్న పని. రెండు సీసాల్లోని ద్రవాలు కొలత ప్రకారం కలిపి బొమ్మ మీద పోస్తే, రోజు తిరిగేసరికి గట్టిపడి అద్దంలా మెరుస్తుంది. ఇక చెమ్మ తగలదు, రంగు రాలదు. ఆ షెడ్డులో మనిషి నెత్తురు పడుతుందనీ, అదీ నా చేతులతోననీ ఎన్నడూ అనుకోలేదు.

ఆ పటం తెచ్చినతను బాపట్లలో చేపల వ్యాపారం చేస్తాడు. నలభై ఏళ్లుంటాయి. ప్లైవుడ్ ముక్క మీద ఎనామిల్ రంగులతో వేసిన బొమ్మ అది. నెత్తిన చేపల గంపతో ఒడ్డు వెంట నడిచొస్తున్న ఆడమనిషి.

"మా అమ్మండి. మా నాన్న వేశాడు," అన్నాడు.

తండ్రి రేపల్లె అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో పడవలకు రంగులు వేసి పేర్లు రాసేవాడట. చెక్క మీద వేసిన బొమ్మ ఇదొక్కటే. ఆయన పోయి ఏడాదయింది. ఉప్పుగాలికి గంప దగ్గర రంగు పెచ్చులు లేస్తోంది.

"ఇది పోకుండా చూడండి మేడమ్," అన్నాడు. తమ్ముడి ఇంటి గోడ మీద నుంచి చెప్పకుండా దించుకొచ్చాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

పూత వేసేటప్పుడు దగ్గరుంటానని అడిగి మరీ వచ్చాడు. ఎండ బాగా కాస్తున్న రోజు చూసి మొదలుపెట్టాను. బల్ల ఏమాత్రం వాలుగా ఉన్నా రెజిన్ ఒక పక్కకి జారిపోతుంది. అందుకని తాపీమేస్త్రీలు వాడే ఇనుప లెవెల్ బద్ద పెట్టి చూసుకున్నాను. కలిపాను, పోశాను, పరిచాను. గ్యాసు మంట పైపైన తిప్పుతూ బుడగలు పగలగొడుతుంటే, అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆమె చీర ఎరుపు తడిసినట్టు నిగనిగలాడింది.

అప్పుడే వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. తమ్ముడు. అన్నకంటే పొట్టి, గట్టి మనిషి. రోజూ సముద్రం మీదకి వెళ్లేవాడని చేతులు చూస్తేనే తెలుస్తుంది.

"ఎవర్నడిగి తెచ్చావురా?" అన్నాడు. అన్నని 'రా' అనడంతోనే గొడవ మొదలైంది.

"అమ్మ బొమ్మకి ఎవర్నడగాలి?"

"నాన్న మంచాన పడ్డ ఆర్నెల్లు ఎక్కడున్నావ్? ఎత్తింది నేను, కడిగింది నా పెళ్లాం. నువ్వు ఫోన్లో ఏడ్చావు. అంతేగా!"

నేను మధ్యలో నిలబడి ఇద్దరినీ బతిమాలాను. ఆ గోలలో ఒక పని మర్చిపోయాను. మిగిలిన రెజిన్ ప్లాస్టిక్ మగ్గులో అలాగే వదిలేస్తే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. ఎప్పుడూ పళ్లెంలో పలచగా పోసేస్తాను. ఆరోజు మగ్గు బల్ల చివర ఉండిపోయింది.

తమ్ముడు నన్ను తోసుకుని పటం మీదకి వెళ్లాడు. అన్న అతని చొక్కా పట్టి లాగి, మూతి మీద గుద్దాడు. తమ్ముడి పెదవి చిట్లింది. అతను చేతికందిన మగ్గు ఎత్తాడు. అన్న మొహాన కొడదామనే ఎత్తాడు. కానీ అప్పటికే లోపలి వేడికి ప్లాస్టిక్ మెత్తబడిపోయింది. గట్టిగా పట్టుకోగానే మగ్గు నలిగి, సలసలమంటున్న రెజిన్ అతని కుడిచేతి మీదే కారింది.

అలాంటి కేక నేను మళ్లీ వినలేదు. కింద పడి గిలగిల్లాడాడు. అన్నకి అది కనపడలేదో, కనపడినా ఆగలేకపోయాడో. మీద కూర్చుని పీక పట్టుకున్నాడు. "వదులు! చచ్చిపోతాడు!" అని అరిచాను. వదల్లేదు. తమ్ముడి కళ్లు తేలిపోతున్నాయి. లెవెల్ బద్ద తీసి అన్న తల మీద కొట్టాను.

ఆ దెబ్బకే పట్టు వదిలేసి, పక్కకి ఒరిగి, నా వైపు తిరిగాడు. నేను మళ్లీ కొట్టాను. నుదురు చీలింది.

మొదటి దెబ్బ గురించి నాకు బెంగ లేదు. రెండోదానికే ఈనాటికీ జవాబు లేదు. పిల్లల మీద కూడా చెయ్యెత్తని టీచర్నని పేరు నాకు. ఆ క్షణాన భయం లేదు, జాలి లేదు. కొట్టడం హాయిగా అనిపించింది. మూడోసారి కూడా ఎత్తాను. నెత్తురు కళ్లలోకి కారుతుంటే అతను రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "వద్దండీ," అన్నాడు. ఆ 'అండీ'కి నా చెయ్యి ఆగిపోయింది.

తమ్ముడి చేతికంటిన రెజిన్‌ని గుడ్డతో తుడిచి కుళాయి కింద పెట్టాను. గుడ్డతోపాటు చర్మమూ వచ్చింది. ఇద్దరినీ ఒకే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అడిగితే అన్న, "జారి పడ్డానండి," అన్నాడు. తమ్ముడు, "పనిలో కాలిందండి," అన్నాడు.

పటానికి ఏమీ కాలేదు. ఒక అంచున మాత్రం పగలని బుడగలు గట్టిపడిపోయాయి. అక్కడ గరుకు కాగితంతో రుద్ది ఇంకో పూత వేశాను. నెల గడిచినా ఎవరూ రాలేదు. చివరికి నేనే గోనెగుడ్డలో చుట్టుకుని, చెరుకుపల్లి మీదుగా బస్సులో, ఆపైన ఆటోలో ఆ పల్లెకి వెళ్లాను.

తల్లి అరుగు మీద ఎండుచేపలు తిరగేస్తోంది. బొమ్మలో కంటే బాగా చిక్కిపోయింది. గుడ్డ విప్పి చూపించాను. చేతులు చీరకి తుడుచుకుని, గంప మీద ఒక వేలు పెట్టి చూసింది.

"నువ్వేనా అమ్మా, మా పెద్దోణ్ణి కొట్టింది?"

"నేనేనండి. మొదటిది చిన్నబ్బాయిని విడిపించడానికి కొట్టాను. రెండోది ఎందుకు కొట్టానో నాకే తెలీదు."

దణ్ణం పెట్టబోతే ఆపింది.

"వాళ్ల నాన్నా నేనూ ఒక్కనాడూ కొట్టలేదమ్మా వాళ్లని," అంది. అది నన్ను తప్పుపట్టడమో, తన్ను తాను నిందించుకోవడమో తెలియలేదు. తర్వాత మంచినీళ్లిచ్చింది.

చిన్నవాడికి మూడు వేళ్లు ముడుచుకోవడం లేదట. వల లాగలేడు. వారంలో నాలుగు రోజులు పెద్దవాడు బాపట్ల నుంచి వచ్చి తమ్ముడితో పడవెక్కుతున్నాడట.

"మాట్లాడుకుంటున్నారా?" అని అడిగాను.

"ఏంటో అమ్మా, పడవలో ఏం మాట్లాడుకుంటారో నాకేం తెలుసు? ఒడ్డున మాత్రం లేదు," అని, పటం పట్టుకుని లోపలికి వెళ్లింది.