నైటీ వద్దన్న స్పాలో అత్తయ్యతో ఒక రోజు

ఇదంతా అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో మొదలైంది. తణుకు నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చిన ఆవిడకి ఇక్కడ మేముండే కాపెల్‌లో ఎవరో చెప్పారట, దగ్గర్లో కొరియన్ స్పా ఉందనీ, వేణ్ణీళ్ళ తొట్లలో కూర్చుంటే నొప్పులు ఇట్టే పోతాయనీ. ఇంక నన్ను నిలవనిస్తేనా! రూల్స్ ఏమీ చదవకుండా మంగళవారం సెలవు పెట్టి బుక్ చేసేశాను. వీకెండ్ కంటే జనం తక్కువ, టికెట్ కూడా కాస్త చవక, మనిషికి నలభై డాలర్ల లోపే. డ్రైవ్ ఇరవై నిమిషాలు. పొద్దున్నే వెళ్తే పార్కింగ్ బాధ ఉండదు.

లోపల ఆడవాళ్ళ వైపు వేరు, మగవాళ్ళ వైపు వేరు. లాకర్ల దగ్గర అత్తయ్య చక్కగా పూల నైటీ వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని తయారయ్యారు. నేను మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉన్న స్విమ్‌సూట్ తొడుక్కున్నాను. తొట్ల గది తలుపు దగ్గరే అక్కడ పనిచేసే కొరియన్ ఆవిడ మా ఇద్దరినీ ఆపేసింది.

"నో క్లోత్స్!"

"ఏంటంటుందే?" అన్నారు అత్తయ్య.

"ఒంటి మీద బట్టలు ఉండకూడదంట. పదండత్తయ్యా, ఇంటికెళ్ళిపోదాం."

రెండో కాన్పు తర్వాత నాకు నడుం మీదా వీపు మీదా బొల్లి మచ్చలు వచ్చాయి. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఎంత బతిమాలినా ఆరేళ్ళుగా పూల్‌లో దిగలేదు. అత్తయ్య చూస్తే ఏమంటారో, ఊళ్ళో ఎవరెవరికి చెబుతారో అని నా భయం.

"డబ్బులు కట్టి ఇంటికేంటి? అందరం ఆడాళ్ళమేగా!" అంటూ ఆవిడ నైటీ తీసి లాకర్లో పడేసి దర్జాగా నడిచి వెళ్ళిపోయారు. చేసేదేం లేక స్విమ్‌సూట్ విప్పేసి, ఒక చిన్న తువ్వాలు వీపు మీద కప్పుకుని నేనూ వెనకాలే వెళ్ళాను.

లోపల లావువాళ్ళు, సన్నవాళ్ళు, ముడతలు పడ్డవాళ్ళు, ఒక వైపు రొమ్ము తీసేసిన ఒకావిడ, అందరూ తొట్లలో కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరూ ఎవరి వంకా చూడట్లేదు. మా పక్కన ఒక తల్లీ కూతురూ గరుకు గుడ్డతో ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారు. అది చూసి అత్తయ్య మొహం వెలిగిపోయింది.

"ఇది మన నలుగేనే! తిరుగు, రుద్దుతా."

"వద్దులెండి..."

"తిరగవే అమ్మాయ్!"

ఆవిడే తువ్వాలు లాగేశారు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గుడ్డ మచ్చల మీదుగా ఎక్కడా ఆగకుండా కిందకీ పైకీ తిరిగింది.

"నొప్పా?"

"లేదు."

"మరెందుకలా బిగుసుకుపోతున్నావ్?"

"మీరు చూశారని..."

"కళ్ళజోడు తీశాను గానీ గుడ్డిదాన్ని కాదులే. ఇందుకా మండుటెండల్లో కూడా మెడ దాకా మూసిన బట్టలు వేసుకు చస్తున్నావ్? నా పొట్ట చూడు, ముగ్గుర్ని కన్నది. పెళ్ళిళ్ళలో ఎప్పుడూ కొంగు చాటునే దాచాను. ఇక్కడ చూస్తే దీని వంక ఒక్కరూ చూడరే!"

ఆ చివరి మాటలో కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కూడా వినిపించింది. పకపకా నవ్వేశాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా.

మధ్యాహ్నం వాళ్ళిచ్చిన టీషర్టులు, నిక్కర్లలో పైనున్న క్యాంటీన్‌కి వెళ్ళి కూరగాయల బిబింబాప్, అంటే వాళ్ళ కలిపిన అన్నం, తిన్నాం. పదిహేను డాలర్లు. "ఇంకొంచెం కారం" అని అత్తయ్య సైగ చేస్తే వంటావిడ ఎర్రటి పచ్చడి సీసా ఏకంగా మా బల్ల మీదే పెట్టేసింది.

ఆరేళ్ళుగా నా ఒంటిని నేను చూసుకున్నదే ఎప్పుడూ ఇతరుల కళ్ళతో. అంతమంది మధ్య ఒక పూట ఉత్త ఒంటితో కూర్చుంటే ఆ కళ్ళు చాలావరకు నేనే ఊహించుకున్నవని తెలిసింది. మచ్చలు అలాగే ఉన్నాయి, భయమే పోయింది. ఆ శనివారమే మామూలు స్విమ్‌సూట్ వేసుకుని మా అమ్మాయితో పూల్‌లో దిగాను. గట్టు మీద కూర్చున్న అత్తయ్య అందరికీ వినబడేలా చప్పట్లు కొట్టారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకే సలహా: నైటీ ఇంట్లోనే వదిలేయండి, అత్తగారిని మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి.